నవ్వించే దెయ్యం కథను క్లాసులో చెప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడున్న జవాబులు దాదాపు అన్నీ ఆస్కార్ వైల్డ్ రాసిన ‘ది కాంటర్‌విల్ ఘోస్ట్’ చుట్టూనే తిరుగుతాయి. మిగతా నవ్వించే దెయ్యం కథలకు కూడా ఇందులో చాలావరకు పనికొస్తాయి. ఇది ముఖ్యంగా పాఠం చెప్పేవాళ్ళ కోసం. విద్యార్థులు కూడా చదవొచ్చు గానీ కథ పూర్తి చేశాకే చదవండి, ముందే చదివితే సగం జోకులు ఇక్కడే ఖర్చైపోతాయి.

ఇన్ని దెయ్యం కథలు ఉండగా ఈ కథే ఎందుకు?

పైకి కనిపించే కారణాలు చాలా ఉన్నాయి. చిన్న చిన్న అధ్యాయాలు ఏడే. రచయిత 1900లో చనిపోయాడు కాబట్టి కాపీరైట్ గొడవ లేదు, మొత్తం కథ ఉచితంగా దొరుకుతుంది, ముక్కలు చేసి పంచుకోవచ్చు. అసలు కారణం మాత్రం వేరు. ఈ కథలో నవ్వు ఒకచోట నిలబడదు. మొదట దెయ్యాన్ని చూసి నవ్వుతాం, కాసేపటికి దెయ్యం పడే అవస్థ మన అవస్థలా అనిపించి నవ్వుతాం, ఐదో అధ్యాయానికి వచ్చేసరికి ఇంతసేపూ నవ్వింది ఎవర్ని చూసి అని కాస్త ఇబ్బంది మొదలవుతుంది. ఈ మార్పును పిల్లలు పేజీ మీద వేలు పెట్టి చూపించగలరు. ‘రచయిత శైలి’ అని గాల్లో మాట్లాడాల్సిన పని ఉండదు.

నన్నడిగితే ఈ కథ చెప్పేటప్పుడు క్లాసంతా పట్టుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు ఈ పేజీలో ఎవర్ని చూసి నవ్వుతున్నాం? మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

కథ ఏంటో రెండు ముక్కల్లో చెప్పండి.

ఇంగ్లండ్‌లో ఒక పాత మహలు. అమెరికా రాయబారి ఓటిస్ దాన్ని కొంటాడు. అందులో దెయ్యం ఉందని అమ్మే ప్రభువే హెచ్చరిస్తే, సామాన్లతో పాటు దెయ్యానికి కూడా వెల కట్టండి, కలిపి తీసుకుంటానంటాడు. ఆ దెయ్యం సర్ సైమన్. 1575లో భార్యను చంపి, తొమ్మిదేళ్ళ తర్వాత మాయమై, అప్పట్నుంచి మూడు వందల ఏళ్ళుగా ఆ ఇంట్లో అందర్నీ హడలగొడుతున్నాడు. ఓటిస్ కుటుంబం మాత్రం దడవదు. కవల పిల్లలైతే ఆయన్నే ఏడిపిస్తారు. చివరికి ఓటిస్ కూతురు, పదిహేనేళ్ళ వర్జీనియా ఒక్కతే ఆయన మీద జాలిపడి, ఆయన వెంట మూసిన గదిలోకి వెళ్ళి ఆయనకు విముక్తి ఇప్పిస్తుంది.

చదవడానికి ముందు నేపథ్యం ఎంత చెప్పాలి?

తక్కువ. మహళ్ళు, గబ్బిలాలు, ఉరుములు, పాత భయానక నవలల చరిత్ర అంటూ ఒక పీరియడ్ మొత్తం లెక్చర్ ఇస్తే, కథ మొదలయ్యే సరికి క్లాసు సగం నిద్రలో ఉంటుంది. పైగా ఆ సరంజామా అంతా కథే చూపిస్తుంది. ఓటిస్ కుటుంబం బయల్దేరినప్పుడు ఆహ్లాదంగా ఉన్న వాతావరణం మహలు వాకిట్లోకి రాగానే మబ్బుపడుతుంది, నల్లటి పక్షులు తలమీదుగా ఎగిరిపోతాయి, నల్ల సిల్కు బట్టల్లో ముసలి హౌస్‌కీపర్ మెట్ల మీద నిలబడి ఉంటుంది. ఒక్క దెయ్యం సినిమా చూసిన పిల్లలకు కూడా ఈ లెక్క వెంటనే అర్థమైపోతుంది.

రెండు విషయాలు మాత్రం చెప్తే ఉపయోగం. ఒకటి, వైల్డ్ డబ్లిన్‌లో పుట్టిన ఐరిష్‌వాడు, 1882లో అమెరికా అంతా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. అంటే అటు ఇంగ్లిషు ప్రభువులనూ ఇటు అమెరికన్లనూ కూడా బయటివాడిగా దగ్గర్నుంచి చూశాడు. కథ 1887లో ఒక లండన్ వారపత్రికలో రెండు భాగాలుగా వచ్చింది. రెండోది, అప్పుడు లండన్‌లో దెయ్యాల మీద ‘శాస్త్రీయ’ పరిశోధన బాగా నడుస్తోంది. దానికోసమే 1882లో ఒక సొసైటీ కూడా పెట్టారు. ఆ సొసైటీకి చెందిన మైయర్స్, పాడ్‌మోర్ మరొకరితో కలిసి 1886లో పెద్ద పుస్తకమే వేశారు. కథలో ఓటిస్ పెద్ద కొడుకు రక్తపు మరకల గురించి ఉత్తరం రాయడానికి కూర్చునేది ఈ ఇద్దరికే. ఇది తెలియకపోతే ఆ పేర్లు అడ్డంగా కనిపిస్తాయి, తెలిస్తే మంచి చురక.

మా క్లాసులో ఎవరూ నవ్వట్లేదు. ఏం చేయాలి?

ఈ ప్రశ్నే అన్నిటికన్నా ఎక్కువ వస్తుంది, దీనికి జవాబు కూడా ఎక్కువసార్లు ఒకటే: మౌనంగా చదివించారా? అయితే నవ్వరు. వైల్డ్ హాస్యం మాటకు మాట ఎంత తొందరగా పడుతుందన్న దాని మీద బతుకుతుంది. భాష అంత బాగా రాని పిల్లలు ఒక్కో పదం కూడబలుక్కుని చదువుతుంటే ఆ వేగం పోతుంది, వేగంతో పాటు జోకూ పోతుంది.

మొదటి అధ్యాయం చివర్లో హౌస్‌కీపర్ మూర్ఛపోయే ఘట్టం తీసుకోండి. మెరుపు మెరుస్తుంది, ఉరుము దద్దరిల్లుతుంది, ఆవిడ పడిపోతుంది. మామూలు దెయ్యం కథలో ఇక్కడ అందరూ అరవాలి. ఇక్కడ ఓటిస్ తీరిగ్గా చుట్ట ముట్టించుకుని ఈ దేశపు వాతావరణం బాగాలేదంటాడు. మూర్ఛపోయే మనిషితో ఎలా వేగడమని భార్య అడిగితే, పింగాణీ పగలగొడితే జీతంలో కోస్తాం కదా, దీనికీ అలాగే కోయండి, ఇంకెప్పుడూ మూర్ఛపోదంటాడు. ఆవిడ ఠక్కున లేస్తుంది. ఆ తర్వాత దెయ్యం గురించి గంభీరంగా హెచ్చరించి, జీతం పెంచే సంగతి మాట్లాడుకుని మరీ పడుకోవడానికి వెళ్తుంది.

దీన్ని ముగ్గురు పిల్లలకు పంచి గట్టిగా చదివించండి. ఒక్కటే షరతు, చదివేవాళ్ళు నవ్వకూడదు. ఓటిస్ పాత్ర చదివేవాడు బ్యాంకులో ఫారం నింపేవాడి గొంతుతో చదవాలి. మొదటిసారి తేలిపోతుంది, రెండోసారికి వాళ్ళే పట్టుకుంటారు. జోకు చేసే మనిషికి తను జోకు చేస్తున్నానని తెలియకపోవడమే ఈ కథలో సగం హాస్యం. ఆ మాట మీరు చెప్పక్కర్లేదు, నవ్వాపుకోలేక చెడగొట్టిన పిల్లాణ్ణి చూసి మిగతావాళ్ళే కనిపెడతారు.

పాత బ్రాండ్ల పేర్లు, మందుల పేర్లు వచ్చినచోట ఆగి అర్థం చెప్పకండి. అవన్నీ ప్రకటనల్లో కనిపించే రకం గొప్పలు, చదివే తీరులోనే అర్థమైపోతాయి.

జోకు విప్పి చెప్తే చచ్చిపోతుంది అంటారు కదా. మరి విశ్లేషణ ఎలా?

‘ఇది ఎందుకు నవ్వు తెప్పిస్తుంది’ అని అడిగితే నిజంగానే చచ్చిపోతుంది. ‘ఇది ముందు ఎక్కడ వచ్చింది, మళ్ళీ ఎక్కడ వచ్చింది’ అని అడగండి. జోకును ఒంటరిగా పట్టుకోకుండా దాని దారి వెతికించండి.

రక్తపు మరక ఇందుకు బ్రహ్మాండమైన ఉదాహరణ. లైబ్రరీ నేల మీద మూడు వందల ఏళ్ళుగా చెరగని మరకను పెద్ద కొడుకు మరకలు తీసే కడ్డీతో రెండు నిమిషాల్లో రుద్దేస్తాడు. తెల్లారేసరికి మళ్ళీ వస్తుంది. మళ్ళీ రుద్దుతాడు, మళ్ళీ వస్తుంది. ఇక్కడిదాకా దెయ్యం గెలుస్తున్నట్టే ఉంటుంది. తర్వాత మరక రంగు మారడం మొదలవుతుంది, ఎరుపు, ఊదా, ఒకరోజు ఏకంగా పచ్చ. ఇంట్లో వాళ్ళు ఇవాళ ఏ రంగు వస్తుందా అని పందాలు కాస్తారు. వర్జీనియా ఒక్కతే మాట్లాడదు, పచ్చరంగు కనిపించిన రోజు ఏడ్చినంత పనవుతుంది. ఎందుకో అప్పుడు తెలీదు. ఐదో అధ్యాయంలో తెలుస్తుంది, నిజమైన రక్తం ఎక్కడ దొరుకుతుందని దెయ్యం ఆ పిల్ల రంగుల పెట్టెలోంచి రంగులు కాజేస్తున్నాడు. ఎరుపులు అయిపోయాయి, పచ్చ, పసుపు కూడా పోయాయి, ఇక మిగిలింది నీలిమందు రంగూ తెలుపూ. దాంతో ఆ అమ్మాయి సూర్యాస్తమయాలు వేయలేక వెన్నెల దృశ్యాలే వేసుకుంటోంది.

ఈ ఒక్క మరకను ఐదు అధ్యాయాల్లో పిల్లల చేత వెతికించి, వచ్చిన ప్రతిచోటా గీత గీయించండి. అదే మరక మొదట భయం, తర్వాత మొండి పోటీ, ఆ తర్వాత తమాషా, చివరికి ఒక ముసలాయన దొంగతనం, ఒక చిన్నపిల్ల ఎవరికీ చెప్పకుండా దాచిన విషయం. ఇంతకు మించిన కథానిర్మాణ పాఠం ఉంటుందని నేననుకోను, ఇందులో జోకు కూడా చావలేదు.

దృక్కోణం గురించి ఈ కథలో ఏం చెప్పాలి?

ఇదే అసలు పాఠం, తొందరపడొద్దు.

మొదటి అధ్యాయం పూర్తిగా మనుషుల వైపు నుంచి నడుస్తుంది. రెండో అధ్యాయంలో కూడా సగం దాకా అంతే. రాత్రి ఒంటిగంటకు సంకెళ్ళ చప్పుడు వినపడితే ఓటిస్ లేచి తన నాడి తనే చూసుకుంటాడు, జ్వరం లేదు. తలుపు తీస్తే ఎర్రటి నిప్పుకణికల్లాంటి కళ్ళు, జడలు కట్టిన జుట్టు. ఓటిస్ ఒక కందెన సీసా బల్లమీద పెట్టి, దయచేసి ఆ గొలుసులకు ఇది రాయండి, నిద్ర పట్టట్లేదు, ఇంకా కావాలంటే ఇంకో సీసా ఇస్తానని చెప్పి తలుపేసుకుంటాడు.

ఇక్కడ కథ ఓటిస్‌తో పాటు మంచం ఎక్కదు, వరండాలో దెయ్యం దగ్గరే ఉండిపోతుంది. సీసా నేలకేసి కొట్టి మూలుగుతూ పారిపోతున్న దెయ్యం మీదకి కవలలు తలగడ విసురుతారు. ఆయన తన రహస్యగదికి పోయి కూర్చుని, ఇంత ఘనమైన వృత్తి జీవితంలో తనకి ఇలాంటి అవమానం ఎప్పుడూ జరగలేదని తలపోస్తాడు. ఎవరెవర్ని ఎలా హడలగొట్టాడో ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటాడు, రిటైరైన నటుడు పాత నాటకాల ఫొటోలు తిరగేసినట్టు. అక్కణ్ణుంచి మనం ఆయన వైపున్నాం. ఆ గీత ఏ వాక్యం దగ్గర పడిందో క్లాసును వెతకమనండి. ఒకరు తలగడ దగ్గర అంటారు, ఒకరు సీసా దగ్గర అంటారు. వాదించుకోనివ్వండి, ఆ వాదన కోసమే కదా పాఠం.

ఇక మూడు, నాలుగు అధ్యాయాలు మొత్తం ఆయన ప్లాన్లూ అవి బెడిసికొట్టడాలూ. కవచం తొడుక్కోబోతే బరువుకు కింద పడి మోకాళ్ళు చిట్లుతాయి. తన పేరుమోసిన వికటాట్టహాసం చేస్తే ఓటిస్ భార్య బయటికొచ్చి, అజీర్తి అయితే ఈ మందు తాగండంటుంది. తలలేని ప్రభువు వేషంలో వస్తే తలుపు మీంచి కూజాడు నీళ్ళు పడి జలుబు చేస్తుంది, అదృష్టం కొద్దీ తల వెంట తెచ్చుకోలేదు, లేకపోతే ఇంకా ముదిరేదట. ఇక అన్నిటికన్నా నాకు నచ్చే ఘట్టం, దెయ్యానికి దెయ్యం కనపడటం. వరండా మలుపులో భయంకరమైన ఆకారం చూసి ఈయన బెంబేలెత్తి పారిపోతాడు, ఎందుకంటే ఈయన ఇంతవరకూ దెయ్యాన్ని చూడలేదు! పొద్దున్నే ధైర్యం చేసుకుని, ఒకరికన్నా ఇద్దరం నయం కదా అని స్నేహానికి వెళ్తే, చేతిలోకి వచ్చింది దుప్పటిలాంటి తెర, చీపురు, వంటింటి కత్తి, డొల్ల చేసిన ముల్లంగి జాతి దుంప. కవలల పని.

ఒక్కసారి ఆ ‘ఇద్దరం నయం కదా’ దగ్గర ఆగండి. నవ్వు వస్తూనే ఉంటుంది, కానీ మూడు వందల ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆయనకు తోడు ఎవరూ లేరని మొదటిసారి తెలిసేది అక్కడే. ఈ ముక్క పిల్లల నోటి నుంచే రావాలి, మీరు ముందే అందిస్తే వాళ్ళు రాసుకుని ఊరుకుంటారు.

దెయ్యం ‘డ్యూటీ’ గురించి మాట్లాడటం కథలో అంత ముఖ్యమా?

ముఖ్యమే. వారానికోసారి వరండాలో కనపడాలి, నెలలో మొదటి, మూడో బుధవారాల్లో పెద్ద కిటికీ దగ్గర గొణగాలి, ఇవన్నీ తప్పించుకోలేని బాధ్యతలని ఆయన నమ్మకం. నరాలు దెబ్బతిన్నాక కూడా శనివారాలు డ్యూటీకి వస్తాడు, కాకపోతే బూట్లు విప్పేసి, చప్పుడు కాకుండా గొలుసులకు అదే కందెన రాసుకుని. మొదట విసిరికొట్టిన సీసా గుర్తుందా? అదే రకం. భయపెట్టడమే ఉద్యోగమైనవాడు ఎవరి నిద్రా చెడకుండా ఆ ఉద్యోగం చేసుకుపోతున్నాడు.

ఐదో అధ్యాయంలో కథ ఒక్కసారిగా గంభీరమైపోతుంది. రచయిత తడబడ్డాడా?

అలా అనేవాళ్ళు ఉన్నారు, అదేమీ తీసిపారేసే అభిప్రాయం కాదు. నవ్విస్తూ నవ్విస్తూ ఉన్నట్టుండి చావు అనే తోట గురించీ, నిద్ర లేని మూడు వందల ఏళ్ళ గురించీ కవిత్వం మొదలైతే కొందరికి రెండు కథలు అతికించినట్టు అనిపిస్తుంది. ఒక విద్యార్థి ఆ మాటంటే ‘తప్పు’ అనకండి, అతుకు ఎక్కడుందో చూపించమనండి.

చూపించబోతే కష్టమవుతుంది. ఎందుకంటే ఆ అధ్యాయం సగం దాకా ఇంకా జోకులే. కిటికీ దగ్గర దిగులుగా కూర్చున్న దెయ్యాన్ని వర్జీనియా మొదట మందలిస్తుంది. భార్యను చంపడం తప్పంటే, ఆవిడకు తన కాలర్లకు గంజి పెట్టించడం రాదు, వంట రాదు అంటాడాయన. నన్ను ఆవిడ అన్నదమ్ములు ఆకలితో మాడ్చి చంపడం మాత్రం ఏం బాగుంది అంటాడు. వెంటనే ఆ పిల్ల, అయ్యో ఆకలిగా ఉందా, నా దగ్గర శాండ్‌విచ్ ఉంది తింటారా అంటుంది.

ఆ శాండ్‌విచ్ జోకే. కానీ ఇంతవరకూ ఓటిస్ కుటుంబం ఆయనకు ఇచ్చినవి ఏంటో లెక్క వేయించండి: కందెన, అజీర్తి మందు, తలగడ దెబ్బ, చన్నీళ్ళు. అన్నీ ఆయన్ని సమస్యగా చూసి ఇచ్చినవి. ఆయనకు ఏమైనా కావాలా అని అడిగింది ఈ పిల్ల ఒక్కతే. మూడు వందల ఏళ్ళ కింద ఆకలితో పోయిన మనిషికి తిండి ఇవ్వబోయింది కూడా. తర్వాత రహస్యగదిలో అస్థిపంజరం బయటపడుతుంది, గోడకు సంకెళ్ళతో కట్టేసి, చేతికి అందీ అందనంత దూరంలో ఒక పళ్ళెం, ఒక నీళ్ళ కూజా. ఆ దృశ్యం చదివాక వెనక్కి వెళ్ళి శాండ్‌విచ్ మాట మళ్ళీ చదివించండి, ఈసారి ఎవరూ నవ్వరు. కాబట్టి నా లెక్కలో తడబాటు ఏమీ లేదు.

ఇంకోటి చాలామంది దాటేస్తారు. దెయ్యానికి విముక్తి దొరికిందనడానికి గుర్తు మోడువారిన బాదం చెట్టు పూయడం, అది కిటికీలోంచి చూసి చెప్పేది కవలల్లో ఒకడు. తలుపు మీద నీళ్ళ కూజా పెట్టినవాళ్ళలో ఒకడన్నమాట.

భార్యను చంపినవాడి మీద జాలి ఎందుకు పడాలని ఒక విద్యార్థిని అడిగింది. ఏం చెప్పాలి?

మంచి ప్రశ్న అడిగిందని ముందు చెప్పండి. ఇది నిజంగా భేతాళ ప్రశ్నే, తప్పించుకుంటే తల పగలదు గానీ క్లాసు మీ మీద నమ్మకం పోగొట్టుకుంటుంది.

కథ ఆ హత్యను జోకుగానే వాడుకుంటుంది, దాన్ని కప్పిపుచ్చాల్సిన అవసరం లేదు. చచ్చిపోయిన ఎలినోర్ అనే ఆ భార్యకు కథలో ఒక్క మాట లేదు, ఆవిడ ఒక మరకగా మిగిలింది, ఆ మరక కూడా నకిలీది. 1887 నాటి పాఠకులు ఇక్కడ నవ్వి ముందుకు పోయి ఉండొచ్చు, ఇవాళ్టి క్లాసు ఆగుతుంది, ఆగాలి కూడా. మరోపక్క, వర్జీనియా ఆయన్ని నిర్దోషి అనదు. బయటికొచ్చాక తండ్రితో చెప్పేది ఆయన చాలా చెడ్డవాడనీ, చేసినదానికి నిజంగా పశ్చాత్తాపపడ్డాడనీ. అంటే కథ అడిగేది క్షమ గురించి, తీర్పు గురించి కాదు. అది సరిపోతుందా, చచ్చిపోయిన మనిషి తరఫున క్షమించే హక్కు ఇంకొకరికి ఉంటుందా అన్నది క్లాసు మాట్లాడుకోవాలి. అందరూ ఒప్పుకునే జవాబు వచ్చేదాకా లాగకండి, రాదు. ఎలినోర్ గొంతుతో ఒక పేజీ రాయమంటే ఆ చర్చ బాగా ముందుకు పోతుంది.

పాత ఇంగ్లండ్‌కీ కొత్త అమెరికాకీ ఘర్షణ, భౌతికవాదం. పరీక్షకు ఇది చాలదా?

మార్కులకు చాలు. కానీ కథ అంత తేలిగ్గా ఒక పక్షం తీసుకోదు. దేనికైనా సీసాలో మందుందనుకునే ఓటిస్‌ని ఎగతాళి చేస్తుంది, పరువు కోసం బిగుసుకుపోయే ప్రభువుల్ని కూడా ఎగతాళి చేస్తుంది. చివర్లో దెయ్యం నగలు ఎవరివన్న మాట వచ్చినప్పుడు అవి మీ వంశానివే తీసుకోండని తిరిగివ్వబోయేది డబ్బు మనిషి అనుకున్న ఓటిస్సే, ఆ అమ్మాయివే అని కాదనేది ప్రభువే. ఒకరి గుణం ఒకరికి అంటుకుంది. ‘భౌతికవాదం’ అని రాసిన ప్రతి పేపర్లో ఈ ఘట్టం ఎలా ఇముడుతుందో అడిగి చూడండి.

ఆ మూసిన గదిలో వర్జీనియాకు ఏం జరిగింది?

కథ చెప్పదు. భర్త అడిగినా ఆ అమ్మాయి చెప్పదు. ‘నా ఊహ’ అని రాయమనే హోంవర్క్ ఇక్కడ ఇవ్వొద్దనే నా అభిప్రాయం. ఏడు అధ్యాయాల్లో గోడల అవతల కూడా చూపించిన కథకుడు ఈ ఒక్క తలుపు దగ్గర ఎందుకు ఆగాడు అని అడగడం మేలు.

ఇలాంటి కథలు వైల్డ్‌తోనే మొదలయ్యాయా?

కాదు, దీని ఎముకల గూడు చాలా పాతది. రోమన్ రచయిత చిన్న ప్లినీ ఒక ఉత్తరంలో ఏథెన్స్‌లోని ఒక ఇంటి కథ చెప్తాడు. రాత్రయితే గొలుసుల చప్పుడు, మురికిగా చిక్కిపోయిన ముసలి ఆకారం, అద్దెకు ఎవరూ రారు. అథెనొడోరస్ అనే తత్వవేత్త చవగ్గా వస్తోందని అనుమానపడి, సంగతి తెలుసుకుని, అందుకే అద్దెకు తీసుకుంటాడు. రాత్రి రాసుకుంటుంటే దెయ్యం వచ్చి రమ్మని వేలితో పిలుస్తుంది. ఈయన కాస్త ఆగమని చెయ్యి చూపించి రాత పనిలో పడతాడు! దెయ్యం ఆయన నెత్తిమీద గొలుసులు గలగలలాడిస్తుంది. అప్పుడు లేచి వెంట వెళ్తే అది పెరట్లో ఒకచోట మాయమవుతుంది, అక్కడ తవ్వితే సంకెళ్ళతో ఎముకలు దొరుకుతాయి, సరైన అంత్యక్రియలు చేస్తే బెడద తీరిపోతుంది.

గొలుసులు, బెదరని మనిషి, దొరికిన ఎముకలు, అంత్యక్రియలు: మొత్తం వరస అదే. వైల్డ్ గ్రీకు, లాటిన్ సాహిత్యాలు చదువుకున్నవాడు. వైల్డ్ కథ పూర్తయ్యాక ఇది ఒక పేజీకి కుదించి ఇవ్వండి. దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ళ కిందటి ఉత్తరంలో కూడా దెయ్యాన్ని ‘ఒక్క నిమిషం’ అని కూర్చోబెట్టే జోకు ఉందని చూసి పిల్లలు సరదా పడతారు.

దెయ్యాలంటే నిజంగా భయపడే పిల్లలుంటే?

కథ భయపెట్టదు, అది సమస్య కాదు. చావు గురించి ఐదో అధ్యాయంలో వచ్చే మాటలు మాత్రం చూసుకోవాలి, నిద్రలా విశ్రాంతిలా అందంగా చెప్పాడు వైల్డ్. ఈ మధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలుంటే, లేదా ఎవరైనా బాగా డల్‌గా ఉంటున్నారని మీకు అనిపిస్తే, ముందురోజే వాళ్ళతో విడిగా ఒక మాట చెప్పండి. ఆ పేజీలు వాళ్ళ చేత గట్టిగా చదివించకండి. బయటికెళ్తామంటే పంపండి, కారణం అడగొద్దు.

‘దెయ్యాలు ఉన్నాయా సార్’ అని చర్చ లేస్తే ఐదు నిమిషాలు ఇవ్వండి. ఆ తర్వాత, ఈ కథలో ఓటిస్ దెయ్యాలుండవని వాదించి, కళ్ళారా చూశాక ఏం చేశాడని అడిగి వెనక్కి లాక్కురండి. కందెన ఇచ్చాడు. నమ్మకం మారినా మనిషి మారలేదు.

సినిమా చూపించొచ్చా?

చూపించొచ్చు, కథకు బదులుగా మాత్రం కాదు. 1944లో వచ్చిన హాలీవుడ్ సినిమా కథను రెండో ప్రపంచయుద్ధంలోకి తెచ్చింది, ఆ మహల్లో అమెరికన్ సైనికులు దిగుతారు, దెయ్యం నేరం హత్య కాదు, పిరికితనం. యుద్ధం నడుస్తున్న ఏడాదిలో నవ్వించే దెయ్యానికి ఆ నేరమే ఎందుకు అంటగట్టారు అన్న ఒక్క ప్రశ్న కోసం చూపించినా ఆ సమయం వృథా కాదు.

రాయించే పని ఏం ఇవ్వాలి? ఎలా దిద్దాలి?

‘నవ్వించే దెయ్యం కథ రాయండి’ అని వదిలేస్తే తొంభై శాతం దెయ్యం అరటితొక్క మీద జారిపడుతుంది (ఇది సర్వే కాదు, నా నిట్టూర్పు). రెండు నియమాలు పెట్టండి. దెయ్యం ఏదో ఒక పని చాలా సీరియస్‌గా తీసుకోవాలి. ఎదుటి మనిషి దాన్ని దెయ్యంగా కాకుండా ఇంకేదో మామూలు చిరాకుగా చూడాలి, పక్కింటి చప్పుడులాగో, అప్పు అడిగే చుట్టంలాగో. ఇంక వాళ్ళిద్దర్నీ మాట్లాడుకోనిస్తే హాస్యం దానంతటదే వస్తుంది.

దిద్దేటప్పుడు నవ్వొచ్చిందా లేదా అన్నదానికి మార్కులు వేయకండి, ఒకరికొచ్చే నవ్వు ఇంకొకరికి రాదు. మొదట్లో పెట్టిన వస్తువు తర్వాత ఇంకో అర్థంతో తిరిగొచ్చిందా, కథకుడు ఎవరి పక్కన నిలబడ్డాడో తెలుస్తోందా, ఈ రెండూ చూడండి. పరీక్ష ప్రశ్న కూడా ఇదే దారిలో అడగొచ్చు: ‘రక్తపు మరక, కందెన, తిండి, ఈ మూడింటిలో ఒకటి తీసుకుని కథ మొదట్లో దాన్ని చూసి ఎవరు నవ్వుతారో, చివరికి ఆ నవ్వు ఏమవుతుందో రాయండి.’ గైడులో దీనికి రెడీమేడ్ జవాబు ఉండదు, ముందు కాస్త గోల చేస్తారు. గంట సమయం, పుస్తకం చూసుకునే వీలు, రెండూ ఇవ్వండి.